‘దారుణం’ అనడానికి ఇంగ్లీషులో ఏ మాట? నా అనుభవం

విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌. దానికి తయారయ్యేవాళ్ల చేతుల్లో ఒక జిరాక్సు కాగితం తిరుగుతూ ఉంటుంది. ఎడమవైపు మనకు తెలిసిన మామూలు మాటలు, కుడివైపు వాటి బదులు వాడాల్సిన పెద్ద మాటలు. నేను విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర చేరిన కోచింగ్‌లోనూ ఇచ్చారు. అందులో ‘బ్యాడ్’కి ఎదురుగా హేనస్ (heinous), అట్రోషస్, ఇగ్రీజస్, అబామినబుల్, డెస్పికబుల్ అని వరసగా ఉన్నాయి. అన్నిటికీ కలిపి తెలుగులో ఒకే అర్థం: ‘దారుణమైన, ఘోరమైన’.

మర్నాటి నుంచి మా బ్యాచ్‌లో బందరు రోడ్డు ట్రాఫిక్ హేనస్, ఎండ హేనస్, హాస్టల్ సాంబారు హేనస్. చెప్పే సారు కూడా బాగుందనే అన్నారు. పెద్ద మాట పడితే బ్యాండు, అంటే ఆ పరీక్షలో వచ్చే స్కోరు, పెరుగుతుందని ఆయన నమ్మకం. నాకు మాత్రం ఆ మాట చెవికి ఇబ్బందిగా తగిలింది. కోర్టు వార్తల్లో చదివిన మాట సాంబారు పక్కకి ఎలా వస్తుంది? ఆ సందేహం తీర్చుకోవడానికి నేను ఏమేం చేశానో ఇక్కడ రాస్తున్నాను. పరీక్ష రాసేవాళ్లకే కాదు, ఆఫీసులో రోజూ ఇంగ్లీషుతో పని పడేవాళ్లకీ ఇది అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందు పరీక్ష ఏం అడుగుతుందో చెప్పాలి. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, మూడు భాగాలు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని అడుగుతారు, మాటలన్నీ రికార్డవుతాయి. మార్కులు నాలుగు అంశాలకి సమానంగా వేస్తారు: తడబడకుండా పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. పదసంపద కింద 7వ బ్యాండుకి ఏం కావాలో వాళ్లే అందరికీ దొరికేలా పెట్టారు. అంతగా వాడుకలో లేని మాటలు కొన్ని రావాలి, దాంతోపాటు ఏ మాట పక్కన ఏ మాట నప్పుతుందో, ఏ సందర్భానికి ఏ ధోరణి తగుతుందో కొంతైనా తెలిసినట్టు ఉండాలి. మా కాగితం తయారుచేసినవాళ్లు మొదటి సగం చదివి రెండో సగం వదిలేశారన్నమాట.

బ్రాడీపేటలో మా నాన్నగారి స్నేహితులు ఒకాయన ఉన్నారు. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచీ మాకు ఆయన మాస్టారే. క్లాసు అయ్యాక గుంటూరు బస్సు దిగి నేరుగా వాళ్లింటికే వెళ్లి కాగితం చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని పై నుంచి కింద దాకా చదివారు.

“డిక్షనరీ చూశావా అమ్మా?”

“చూశాను మాస్టారూ. చాలా దుర్మార్గమైన, అని ఉంది.”

“అర్థం ఒక్కటీ తెలిస్తే చాలదు. ఆ మాట ఎవరితో కలిసి తిరుగుతుందో చూడు. ఒక నోటుబుక్కు పెట్టుకో. పేపర్లో ఆ మాట కనబడ్డప్పుడల్లా దాని వెనకాల వచ్చిన మాట రాసుకుంటూ పో. పేజీ నిండాక మాట్లాడుకుందాం.”

నేను అదే పని చేశాను. ఇంటికొచ్చే ఇంగ్లీషు పేపరు సరిపోక, బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయానికి వెళ్లి కూర్చునేదాన్ని. పేజీకి నిలువునా గీత కొట్టి, ఎడమవైపు హేనస్, కుడివైపు దాని వెనకాల వచ్చినవి. క్రైమ్. క్రైమ్. యాక్ట్. మర్డర్. అఫెన్స్. క్రైమ్. అటాక్. మళ్లీ క్రైమ్. ఎంత వెతికినా ఆ కుడివైపు వరసలో వాతావరణం రాలేదు, తిండి రాలేదు, ట్రాఫిక్ రాలేదు. ప్రతిచోటా ఒక మనిషి బుద్ధిపూర్వకంగా ఇంకో మనిషికి చేసిన ఘాతుకమే ఉంది. పేజీ నిండేసరికి ఎవరూ చెప్పక్కర్లేకుండానే విషయం నాకు అర్థమైంది.

ఇదే పని తెలుగు పేపరుతో కూడా చేస్తే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. అక్కడే నాకు అసలు చిక్కు దొరికింది. మన ‘దారుణం’ ఎక్కడికైనా వెళ్తుంది. హత్య వార్త మీద శీర్షిక ‘దారుణం’. పక్క పేజీలో రోడ్ల పరిస్థితి దారుణం. ఇంట్లో అమ్మ, “ఈ ఏడు ఎండలు దారుణంగా ఉన్నాయే” అంటుంది. ‘ఘోరం’ కూడా అంతే, ‘అన్యాయం’ కూడా అంతే. పప్పులో ఉప్పు తక్కువైతే “మరీ ఇంత అన్యాయమా” అని అనేస్తాం. ఎవరు చేశారని మన మాట అడగదు. ఇంగ్లీషు హేనస్ అడుగుతుంది. చేసినవాడు ఉండాలి, చేసింది మహాపాతకం అయి ఉండాలి. కాగితంలో ‘దారుణమైన’ అని అర్థం రాసిన పుణ్యానికి మా బ్యాచ్ అంతా ‘దారుణం’ తిరిగే చోటల్లా హేనస్‌ని తిప్పారు.

పలకడంలో కూడా ఇబ్బంది ఉంది. రాసిన అక్షరాలు చూసి చాలామంది ‘హీనియస్’ అంటారు. తెలుగువాళ్లకి ‘హీనం’ అనే మాట ముందే నోట్లో ఉంటుంది కాబట్టి అది ఇంకా తేలిగ్గా వచ్చేస్తుంది. సరైన పలుకు హేనస్, రెండే రెండు ముక్కలు. గుర్తుండటానికి నేను ‘హేయం’ పక్కన పెట్టుకున్నాను. ఈ రెంటికీ చుట్టరికం లేదు. ఇంగ్లీషు మాట ఫ్రెంచి వైపు నుంచి, ద్వేషం అనే అర్థం ఉన్న మాట నుంచి వచ్చింది. మన హేయం సంస్కృతం, విడిచిపెట్టదగినది అని. అయినా ‘హేయమైన నేరం’ అని మన పేపర్లు రాసే చోటే ఇంగ్లీషు పేపర్లు హేనస్ రాస్తాయి. పలుకూ వాడుకా రెండూ ఒకే గుర్తుతో దొరికాయి.

మా వదిన గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే, “అది మాకు తిట్టు కాదు, లెక్క” అంది. ఆమె చెప్పింది విన్నాక నేను ఆ చట్టం తెచ్చుకుని చదివాను. 2015 నాటి బాలల న్యాయ చట్టంలో నేరాలని చిన్నవి, తీవ్రమైనవి, హేనస్ అని మూడు తరగతులు చేశారు. కనీస శిక్ష ఏడేళ్లు, లేదా అంతకు మించి ఉన్న నేరాలే హేనస్ కిందకి వస్తాయి. 16 నిండి 18 లోపు ఉన్న పిల్లవాడి మీద అలాంటి కేసు వస్తే, వాణ్ని పెద్దవాళ్ల లెక్కన విచారించాలా అని తేల్చడానికి బోర్డు ముందుగా పరిశీలన చేస్తుంది. అంటే ఈ ఒక్క విశేషణం పడిందా లేదా అన్నదాని మీద ఒక కుర్రాడి జీవితం ఏ కోర్టుకి వెళ్తుందో ఆధారపడి ఉంది.

“మరి గరిష్ఠ శిక్ష చాలా ఎక్కువ ఉండి, కనీసం ఇంత అని రాయకపోతే ఏం చేస్తారు వదినా?” అని అడిగాను.

“సరిగ్గా అదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది” అంది. 2020 జనవరిలో కోర్టు తేల్చింది: కనీస శిక్ష ఏడేళ్లు అని చట్టంలో లేకపోతే, గరిష్ఠ శిక్ష ఎంత ఉన్నా దాన్ని హేనస్ అనడానికి వీల్లేదు, తీవ్రమైన నేరంగానే చూడాలి. మర్నాడు 2021లో పార్లమెంటు చట్టాన్ని సవరించి అదే స్పష్టంగా రాసింది. ‘మర్నాడు’ అన్నది వదిన మాట, కోర్టు వాళ్లకి ఏడాది అంటే మర్నాడే. న్యాయమూర్తులు అంత జాగ్రత్తగా తూచిన మాటని సాంబారు మీద పారబోయడం నాకు అప్పటి నుంచీ అస్సలు మింగుడుపడలేదు.

ఇక స్పీకింగ్ రెండో భాగం. ఒక కార్డు ఇస్తారు, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. మాస్టారు నాకు ఇచ్చిన కార్డు, ‘మీకు తెలిసినవాళ్లు కష్టంలో పడ్డ సందర్భం’. నేను 2024 సెప్టెంబరు వరద తీసుకున్నాను. మా పిన్ని వాళ్లు సింగ్‌నగర్‌లో కింద వాటాలో ఉండేవాళ్లు. బుడమేరు నీళ్లు రాత్రికి రాత్రి గుమ్మం దాటాయి. చేతికందినవి పట్టుకుని పై వాటాలోకి ఎక్కారు. అదే సమయంలో కృష్ణ కూడా పొంగి ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, చుట్టూ నీళ్లున్నా తాగడానికి చుక్క లేదు. బయటికి తెస్తామని వచ్చిన ఒక పడవవాడు మనిషికి ఇంత అని బేరం పెట్టాడు. పక్కింటి ముసలావిడ మెళ్లో గొలుసు తడుముకుంటూ నిలబడిందని పిన్ని చెప్పినప్పుడు మాకందరికీ ఏడుపొచ్చింది.

ఇదంతా ఇంగ్లీషులో చెప్పి ఆగాను. మాస్టారు అడిగారు: “వరదకి ఏం మాట వేశావు?”

“టెర్రిబుల్ అన్నాను.”

“బాగానే ఉంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే డివాస్టేటింగ్. ఊరిని నాశనం చేసింది కాబట్టి. వాన ఎవరి మీదా పగబట్టి కురవదు కదమ్మా, దాన్ని నిందించే మాట ఎందుకు? ఆ రాత్రులకి డ్రెడ్‌ఫుల్ అను. పడవవాడికి?”

నేను కాసేపు ఆలోచించి, “హేనస్ అనబుద్ధేస్తోంది మాస్టారూ” అన్నాను.

“అనబుద్ధి కావడం సహజం. వాడు చేసింది నీచం. నీచానికి డెస్పికబుల్ ఉంది. ఎదుటివాడి ఆపదని అమ్ముకున్నవాణ్ని చూసి ముఖం తిప్పుకుంటామే, ఆ అసహ్యం అందులో ఉంది. హేనస్ అంటే అంతకన్నా పెద్ద నేరం ఉండాలి. ముసలావిణ్ని నీళ్లలోకి తోసేసి గొలుసు లాక్కుని ఉంటే, అప్పుడు.”

మొత్తం తయారీలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఆ సాయంత్రమే. ఒకే సంఘటనలో మూడు చోట్లకి మూడు మాటలు పడ్డాయి, మూడూ వేటికవి సరిపోయాయి. కాగితాన్ని నమ్ముకుని ఉంటే మూడు చోట్లా హేనస్ అనే వేసేదాన్ని.

అట్రోషస్ దగ్గర మాత్రం నాకూ మాస్టారుకీ పొసగలేదు. మాట పుట్టుక లాటిన్‌లో, క్రూరమైన అనే అర్థంతో. కానీ ఇంగ్లీషువాళ్లు దాన్ని ఇంటి మాటగా చేసుకున్నారు. వాతావరణం, చేతిరాత, స్పెల్లింగు, హోటల్లో వడ్డన, ఏది బాగోకపోయినా అట్రోషస్ అంటారు, అందులో తప్పేమీ లేదు. రోజువారీ మాటల్లో హేనస్ కుదరని చోట ఇది చక్కగా కుదురుతుంది. మాస్టారు ఇది వాడుకోమన్నారు. నేను వాడలేనన్నాను.

కారణం ఉంది. మేం పెరిగింది ఈ జిల్లాలో. ఇక్కడ చదువురానివాళ్లకి కూడా ‘అట్రాసిటీ’ తెలుసు, అది చట్టం పేరు. 1985 జులైలో కారంచేడులో దళితుల ఊచకోత జరిగింది. 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో ఎనిమిది మంది దళితులని చంపేశారు. ఆ కేసు విచారణకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు కొట్టేసింది. ఆ మాట వింటే నాకు ఇవి గుర్తొస్తాయి. కాఫీ చల్లారిపోయిందని చెప్పడానికి ఆ మాట నా నోట రాదు. బ్రిటన్‌లో పుట్టినవాళ్లకి ఈ గొడవ లేదు, వాళ్లని నేను తప్పుపట్టను. కానీ నేను మాట్లాడేది నా నోటితో.

మాస్టారు విని, “అయితే మానెయ్యి. దానికి లోటేమీ లేదు. అప్పాలింగ్ ఉంది, ఆఫుల్ ఉంది, డ్రెడ్‌ఫుల్ ఉంది” అన్నారు. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకు చాలా సంతోషమేసింది.

ఆ ఆలోచనే నన్ను తెలుగులోకి లాక్కొచ్చింది. మన ఇళ్లలో వంట కుదరకపోతే, ఇల్లు చిందరవందరగా ఉంటే, ‘చండాలంగా ఉంది’ అంటారు. అది ఒక కులం పేరు. మనుషుల్ని అంటరానివాళ్లని చేసి ఊరవతల పెట్టిన పేరు. ‘కిరాతకం’ కూడా అడవిలో వేటాడి బతికే కిరాతుల పేరు మీద వచ్చిందే, హత్య వార్తల్లో రోజూ కనిపిస్తుంది. ఇంగ్లీషు మాట బరువు ఇంతగా తూచి, ఇవి పట్టించుకోకుండా ఎలా ఉండగలను? మా ఇంట్లో అందరితో మాట్లాడాను. అమ్మ ఒక్క మాటలో ఒప్పుకుంది. “మా అమ్మ అనేది, నాకూ వచ్చింది. ఛండాలం అంటే ఏమిటో ఎవరు ఆలోచించారే” అంది. ఇప్పుడు ‘అసహ్యంగా ఉంది’ అంటోంది.

మిగతా మాటల మీద నేను అంతసేపు ఉండలేదు. ఇగ్రీజస్ వెనకాల ఎర్రర్, వయొలేషన్ లాంటివి వచ్చాయి, అంటే కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడే తప్పు. మంద నుంచి విడిగా నిలిచినది అని దాని మూలార్థం, ఒకప్పుడు పొగడ్తకి కూడా వాడేవాళ్లు. ఆఫీసు ఉత్తరాల్లో పనికొచ్చే మాట. అబామినబుల్‌లో ‘అపశకునం’ అనే లాటిన్ మాట దాక్కుని ఉంది. హిమాలయాల్లో ఉందని చెప్పుకునే యతికి, అదే మంచుమనిషికి, ఆ విశేషణం అంటించింది మన కలకత్తా పత్రికే. 1921లో ఎవరెస్టు దారి చూడటానికి వెళ్లొచ్చిన బృందం చెప్పిన పేరుని స్టేట్స్‌మన్‌లో రాసే హెన్రీ న్యూమన్ అలా ఇంగ్లీషు చేశాడు.

ఇంకొక్క సంగతి చెప్పి తీరాలి, ఇది ప్రతి క్లాసులోనూ వినిపిస్తుంది. ‘వెరీ అప్పాలింగ్’, ‘వెరీ డ్రెడ్‌ఫుల్’ అంటారు. ఇవి అప్పటికే చివరి మెట్టు మీద ఉన్న మాటలు, వాటికి వెరీ అంతగా నప్పదు. ఆబ్సల్యూట్లీ గానీ అటర్లీ గానీ వేసుకోవాలి. హేనస్‌కి అయితే మోస్ట్ హేనస్, పర్టిక్యులర్లీ హేనస్ అని తీర్పుల్లోనూ వార్తల్లోనూ కనిపిస్తాయి. నేరాల్లో ఒకదానికన్నా ఒకటి ఘోరమైనవి ఉంటాయి కాబట్టి అది కుదురుతుంది.

పరీక్ష విజయవాడలోనే రాశాను. స్పీకింగ్‌లో నాకు ప్రయాణాల గురించి వచ్చింది. వేసవిలో మధ్యాహ్నం పూట ఏసీ లేని బస్సులో గుంటూరు నుంచి వచ్చే ప్రయాణం ఎలా ఉంటుందో చెప్పాను. మంగళగిరి దాటేసరికి కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. అది ఆబ్సల్యూట్లీ డ్రెడ్‌ఫుల్ అన్నాను. ఆడవాళ్ల సీటులో కూర్చుని, గర్భిణి వచ్చినా లేవని మగవాళ్ల గురించి అడక్కుండానే చెప్పాను. వాళ్లకి డెస్పికబుల్ వేద్దామా అని ఒక్క క్షణం ఆలోచించి, ‘షేమ్‌ఫుల్’ దగ్గర ఆగాను. అది చాలు అనిపించింది. హేనస్‌కి చోటు రాలేదు, నేనూ తేలేదు. పదసంపద లెక్క ఎంతో విడిగా చెప్పరు కానీ, స్పీకింగ్‌లో 7.5 వచ్చింది. నాకు కావలసిన దానికన్నా ఎక్కువే.

మొన్న మా బాబాయి కొడుకు అదే జిరాక్సు కాగితం పట్టుకొచ్చాడు. ఊరు మారింది, సెంటరు మారింది, కాగితం మారలేదు. “అక్కా, ఇవి బట్టీ పట్టేస్తే సరిపోతుందా?” అన్నాడు. నోటుబుక్కు ఇచ్చి డిప్లోరబుల్‌తో మొదలుపెట్టమన్నాను. రెండు రోజుల పేపర్లు ముందేసుకుని కూర్చున్నాడు. కండిషన్, స్టేట్, కండిషన్స్, మళ్లీ కండిషన్ అని రాసుకుని, “అక్కా, ఇది మనుషుల్ని అనేదానికన్నా పరిస్థితుల్ని అనేదే ఎక్కువగా ఉందే” అన్నాడు. ఔను, రోడ్లకి, హాస్టళ్లకి, ఆసుపత్రి వార్డులకి అదే పడుతుంది. రేపటి నుంచి హేనస్ పేజీ మొదలుపెడతాడు.